పాత ఇంటికి క్రిస్మస్ అలంకరణ: గోడకు మచ్చ పడకుండా, ఇంటి అందం దాగకుండా

తాతల నాటి ఇంటిని క్రిస్మస్‌కి అలంకరించడం కొత్త ఇంటిని అలంకరించినట్టు కాదు. కొత్త గోడకి మేకు కొడితే, తర్వాత కాస్త పుట్టీ పెట్టి రంగేస్తే సరిపోతుంది. పాత సున్నపు గోడకి అదే మేకు కొడితే చుట్టూ పెచ్చు లేస్తుంది. దాన్ని సరిగ్గా బాగుచేసే మేస్త్రీ దొరకడమే కష్టం.

ఇది నాకు అనుభవం మీద తెలిసింది. ఒక ఏడాది హాల్లో ద్వారబంధం పక్కన ఆకుల దండని రెండువైపులా అంటుకునే టేపుతో అతికించాను. జనవరిలో టేపు లాగితే దాంతోపాటే అరచేతి వెడల్పున సున్నం ఊడి వచ్చింది. టార్చి వేసి చూస్తే ఆ అంచులో పొరలు ఒకదాని కింద ఒకటి కనిపించాయి. పైన మేం వేయించిన క్రీమ్ రంగు, దాని కింద లేత పసుపు, ఆ కింద తెల్ల సున్నం, అన్నిటికన్నా లోపల పల్చటి నీలం. తను కాపురానికి వచ్చేనాటికి ఆ గది నీలంగా ఉండేదని నానమ్మ చెప్తుండేది. ఆ నీలం మాలో ఎవరం చూడలేదు. చూసిన రోజు దాన్ని నా చేత్తోనే ఊడబెరికాను. బాధేసింది.

అప్పటినుంచి మా ఇంట్లో ఒకటే నియమం: ఎలా తీయాలో ముందే తెలిస్తేనే ఏదైనా పెట్టాలి. కింద రాసినదంతా ఆ నియమం నుంచి వచ్చిందే.

మొదటి పని: ఏమీ కొనకుండా ఇల్లు చూడండి

నవంబరులోనే ఒక పూట కేటాయించండి. నోటు పుస్తకం, కొలత టేపు, టార్చి పట్టుకుని గది గదికీ తిరగండి. ప్రతి గదిలో మూడు విషయాలు రాసుకోవాలి. అక్కడ ఇప్పటికే అందంగా ఉన్నది ఏది? బలహీనంగా ఉన్నది ఏది? కొత్తగా మేకు కొట్టకుండా వేలాడదీయడానికి ఆధారం ఏముంది?

మొదటి ప్రశ్నే అన్నిటికన్నా ముఖ్యం. పాత ఇంట్లో చెక్కడం చేసిన ద్వారబంధం ఉంటుంది, రంగు అద్దాల కిటికీ ఉంటుంది, మెట్ల పక్కన చిత్రిక పట్టిన చెక్క కమ్ములు ఉంటాయి. అలంకరణ వాటి వైపు చూపు తిప్పాలి, వాటిని కప్పకూడదు. ద్వారబంధం మీద లతలు చెక్కి ఉంటే దానిమీద మళ్లీ ప్లాస్టిక్ లతలు చుట్టడం దేనికి? పక్కన ఒక చిన్న దీపం పెట్టి ఆ చెక్కడం మీద వెలుతురు పడేలా చేస్తే చాలు.

బలహీనమైన చోట్లు ఎలా తెలుస్తాయంటే, గోడ మీద వేలి కణుపుతో మెల్లగా తట్టండి. గట్టిగా పలికితే సరే. డొల్లగా పలికితే లోపల పూత గోడని వదిలేసిందని అర్థం. ఆ మేరకు చాక్‌పీసుతో చిన్న గుర్తు పెట్టుకుని అక్కడ ఏమీ తగిలించకండి. చెక్క దగ్గర సన్నటి పిండిలాంటి పొడి రాలి ఉంటే పురుగు తొలుస్తోందన్నమాట. అలాంటి దూలానికి బరువు వేలాడదీయొద్దు.

ఆధారాల విషయానికొస్తే, పాత ఇళ్లు మనం అనుకున్నదానికన్నా ఉదారంగా ఉంటాయి. దూలాలకి దీపాల కోసమో ఉయ్యాల కోసమో వేసిన కొక్కేలు, కిటికీ ఊచలు, పటాల కోసం గోడ పైభాగంలో వేసిన చెక్క పట్టీ, తలుపు గొళ్లేలు, పరదా కడ్డీలు... ఇవన్నీ పనికొస్తాయి. కొక్కేన్ని నమ్మేముందు పరీక్షించండి. మీరు తగిలించబోయే వస్తువుకి రెండింతల బరువు గుడ్డ సంచీలో వేసి ఒక రాత్రంతా వేలాడదీసి చూడండి. కింద ఎవరూ పడుకోకూడదు, పెళుసు వస్తువులేవీ ఉండకూడదు.

తిరుగుతూనే ప్రతి గోడకీ ఫోటో తీసుకోండి. జనవరిలో ఎక్కడైనా మరక కనిపిస్తే అది పాతదా కొత్తదా అనే వాదన రాదు. ఉమ్మడి ఆస్తిగా ఉన్న ఇళ్లలో ఈ ఫోటోల విలువ మరీ ఎక్కువ. పెద్దవాళ్లకీ, వాటాదార్లయిన అన్నదమ్ములకీ ఏ గదిలో ఏం చేయబోతున్నామో ముందే ఒక మాట చెప్పండి.

రెండో పని: కరెంటు

ఇక్కడ మొహమాటం వద్దు. వైరింగు ఎంత పాతదో తెలియకపోతే, లైట్లు కొనకముందే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించండి. పాత ఇళ్లలో వైర్ల మీద రబ్బరు, గుడ్డ తొడుగులు ఉండేవి. ఏళ్ల తరబడి వేడికి అవి పెళుసుబారి, ముట్టుకుంటే రాలిపోతాయి. చాలా చోట్ల ఎర్తింగే ఉండదు. స్విచ్చు దగ్గర కమురు వాసన, బోర్డు వెచ్చబడటం, ఫ్రిజ్ ఆన్ అయినప్పుడు దీపం మసకబారడం, ఫ్యూజు తరచూ పోవడం, వీటిలో ఏది ఉన్నా ఆ లైను మీద ఒక్క దీపం కూడా అదనంగా పెట్టకండి. షాక్ తగిలే పరిస్థితి వస్తే వెంటనే కరెంటు ఆపే ఆర్‌సీసీబీ లేకపోతే దాన్ని బిగించమనండి. దండలమీద పెట్టే ఖర్చు తగ్గించుకునైనా ఇది చేయించండి.

లెక్క సులువే. పెట్టబోయే లైట్ల వాట్లన్నీ కూడి వోల్టేజీతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 230 వోల్టుల దగ్గర 5 ఆంపియర్ల లైను మోయగలిగేది 1150 వాట్లు. అందులో 80 శాతం, అంటే సుమారు 900 వాట్లు దాటకుండా చూసుకోవాలి. ఆ 900లో ఆ లైను మీద ఇప్పటికే ఉన్న ఫ్యాన్లూ దీపాలూ కలిసే ఉంటాయని మర్చిపోవద్దు.

ఎల్ఈడీలు వచ్చాక ఈ టెన్షన్ చాలావరకు తగ్గింది. ఫిలమెంటు ఉన్న చిన్న బల్బులు వంద గుచ్చిన సీరియల్ సెట్టు 40 వాట్ల దాకా లాగుతుంది. అదే ఎల్ఈడీ అయితే ఐదారు వాట్లతో సరి. అంతకన్నా ముఖ్యం, ఎల్ఈడీ బల్బు పెద్దగా వేడెక్కదు. ఎండిన చెక్కకీ ఆకులకీ పక్కన పెట్టేది కాబట్టి పాత ఇంట్లో ఫిలమెంటు సెట్లు వాడొద్దనే నా మాట. పెట్టెలో నాన్నగారి కాలం నాటి సెట్టు ఉంటే దాన్ని జ్ఞాపకంగా గాజు జాడీలో పోసి బల్ల మీద ఉంచండి, ప్లగ్గులో మాత్రం పెట్టకండి.

ఈ సీరియల్ లైట్ల చరిత్ర కూడా చిన్నదేం కాదు. ఎడిసన్ దగ్గర పనిచేసిన ఎడ్వర్డ్ జాన్సన్ 1882లో న్యూయార్క్‌లోని తన ఇంట్లో ఎరుపు, తెలుపు, నీలం రంగుల్లో 80 చిన్న బల్బుల్ని చేత్తో తీగకి కట్టి చెట్టుకి చుట్టాడు. అంతకుముందు చెట్టు మీద నిజమైన కొవ్వొత్తులే వెలిగించేవారు, పక్కన నీళ్ల బకెట్ పెట్టుకుని.

ఎల్ఈడీలో రంగు చూసి కొనండి. డబ్బా మీద 2200 నుంచి 2700 కె (కెల్విన్, కాంతి రంగుని చెప్పే కొలత) మధ్య రాసి ఉంటే దీపపు కాంతిలా బంగారు ఛాయ వస్తుంది. 6000 కె తెలుపు పాత చెక్క మీద పడితే దాని ఎరుపంతా పోయి బూడిద రంగుగా కనిపిస్తుంది. మిణుకుమిణుకుమనే సెట్టు ఎక్కడైనా ఒకటి పిల్లల కోసం పెట్టొచ్చు. ఇల్లంతా మిణుకుమంటే చెక్కడాలు చూడ్డానికి కన్ను ఎక్కడా నిలవదు.

ఎక్స్‌టెన్షన్ బోర్డుకి ఇంకో ఎక్స్‌టెన్షన్ బోర్డు తగిలించకండి. వైరు చుట్టగా ఉంచి వాడకండి, చుట్టలోనే వేడి పుడుతుంది. తివాచీ కింద నుంచి లాగకండి. వసారాలో, బయట గోడలకి పెట్టే లైట్ల మీద ఐపీ44 (నీటి తుంపర్లని తట్టుకుంటుందని చెప్పే గుర్తు) లేదా అంతకన్నా పెద్ద అంకె ఉండాలి. తీగ లోపలికి వచ్చే చోట కాస్త కిందికి వేలాడేలా వంపు వదిలితే వాన నీరు ఆ వంపు దగ్గరే జారిపోతుంది, ప్లగ్గు దాకా రాదు. పడుకునేముందు అన్నీ ఆర్పేయాలి. మర్చిపోతామనుకుంటే టైమర్ ప్లగ్గు పెట్టండి.

మూడో పని: పాత పెట్టె విప్పడం

అటక మీది పెట్టెని దించి, నేల మీద పాత దుప్పటి పరిచి, దాని మీద విప్పండి. చేజారినా పగలవు, రాలిన ముక్కలు దొరుకుతాయి.

పల్చటి గాజు బంతులు ఉంటే వాటిని కడగొద్దు. జర్మనీలోని లౌషా అనే ఊళ్లో 19వ శతాబ్దం మధ్యలో నోటితో ఊది చేయడం మొదలైన రకం అవి. మెరుపు లోపలి వెండి పూతది, రంగు పైన వేసినది, రెండూ నీళ్లకి లేచిపోతాయి. తడి గుడ్డ కూడా వద్దు. మెత్తటి, పొడి పెయింటు బ్రష్‌తో మెడ దగ్గర నుంచి కిందికి నెమ్మదిగా దుమ్ము దులపండి. తీగ కొక్కెం ఇనుముదైతే తుప్పు పట్టి తెగే దశలో ఉంటుంది. తీసేసి, సన్నటి రిబ్బను కట్టి తగిలించండి.

రెండు వస్తువుల దగ్గర మాత్రం జాగ్రత్త. మెత్తగా, బరువుగా, ఒంపితే అలాగే ఉండిపోయే పాత వెండి రంగు తళుకు దారాలు ఉంటే అవి సీసంతో చేసినవి కావచ్చు. 1970ల తొలినాళ్ల దాకా అలాంటివి అమ్మేవారు, పిల్లలకి ప్రమాదమని ఆపేశారు. 1930, 40ల నాటి 'మంచు పొడి' డబ్బాల్లో కొన్నిటిలో ఆస్బెస్టాస్ ఉండేది. అలాంటి డబ్బా దొరికితే మూత తీయకుండా సంచీలో కట్టి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే వారికి అప్పగించండి. పాత తలుపుల, కిటికీల పెయింటులో సీసం ఉండే అవకాశం కూడా ఎక్కువ. దండ కట్టడం కోసం వాటిని గీకడం, ఉప్పు కాగితంతో రుద్దడం చేయకండి.

మా పెట్టెలో ఒక కాగితపు నక్షత్రం ఉంది. ఐదు కొనల్లో రెండు చిరిగితే ఎవరో నోటు పుస్తకం కాగితంతో అతుకు వేశారు. లోపల దీపం వెలిగిస్తే ఆ అతుకు మీద పెన్సిల్‌తో రాసిన కూడికల లెక్క నీడలా కనిపిస్తుంది. అది పెద్దనాన్న చేతిరాత అని అత్తయ్య గుర్తుపట్టింది. అలాంటివాటిని బాగుచేసి కొత్తగా మార్చకండి. అతుకుతోనే వేలాడదీయండి. బల్బు మాత్రం ఎల్ఈడీయే, కాగితానికి తగలకుండా.

నాలుగో పని: మేకు లేకుండా కట్టడం

సున్నపు గోడకి ఏ టేపూ పనికిరాదు. గోడ పాడవకుండా ఊడి వస్తుందని రాసి ఉన్న స్టిక్కర్ కొక్కేలు కూడా నున్నటి ప్లాస్టిక్ పెయింటు కోసం చేసినవే. వాటిని గాజుకి, టైల్‌కి, వార్నిష్ గట్టిగా ఉన్న చెక్కకి వాడొచ్చు. అదీ కనబడని మూలలో రెండు రోజులు అతికించి, తీసి చూశాకే.

గోడకి తగిలించకుండా గోడ ముందు నిలబెట్టడం అన్నిటికన్నా మంచి ఉపాయం. బరువైన అడుగున్న రెండు కర్రలు, వాటిమధ్య ఒక దండ, అంతే. పాత బీరువా పైనుంచి, పుస్తకాల అర నుంచి, అద్దం చట్రం మీదుగా ఆకులు జారవిడిస్తే అదీ బాగుంటుంది. కాకపోతే పాత అద్దాల చట్రాల్లో జిప్సంతో పోసినవి ఉంటాయి, వాటిమీద బరువు పెట్టొద్దు.

మెట్ల కమ్ములకి దండ కట్టేటప్పుడు వైరు నేరుగా చెక్కకి తగలకూడదు. ఎక్కి దిగేవాళ్ల చేయి తగిలిన ప్రతిసారీ అది రాసుకుని గీత పడుతుంది. ముందు చెక్క మీద మెత్తటి గుడ్డ పట్టీ చుట్టి, దానిమీద దండ ఆన్చి, వెడల్పు రిబ్బనుతో ముడి వేయండి. వంపులు తిరిగేలా వేయాలంటే కమ్మి పొడవుకి ఒకటిన్నర రెట్లు దండ కావాలి. చేయి వేసుకునే పైభాగం మాత్రం ఖాళీగా ఉండాలి. పాత మెట్లు నిటారుగా ఉంటాయి, ముసలివాళ్లకి పట్టుకునేందుకు ఆ కమ్మే ఆధారం. దండ బయటివైపుకి కట్టండి.

పచ్చి ఆకులూ కొమ్మలూ లోపలికి తేకముందు బయట బాగా దులిపి, ఒక రోజు నీడలో ఉంచండి. పురుగులు, సాలీళ్లు అక్కడే దిగిపోతాయి. ఎండిన కాయలు, పైన్ కోన్లు తెస్తే ఓవెన్‌లో 90 డిగ్రీల దగ్గర అరగంట ఉంచితే లోపలి పురుగు చస్తుంది. పక్కనే ఉండి చూసుకోవాలి. పైన్, ఫర్ కొమ్మల జిగురు సున్నానికీ చలువరాతికీ అంటితే వదలదు. పళ్ల రసం మరకా అంతే. కాబట్టి కొమ్మకీ గోడకీ మధ్య ఎప్పుడూ రిబ్బనో గుడ్డో ఉండాలి.

ఐదో పని: గుమ్మం, చెట్టు, పాక

అన్ని గదులూ అలంకరించక్కర్లేదు. గుమ్మం, మెట్లు, అందరూ కూర్చునే గది, ఈ మూడిటిమీద శ్రద్ధ పెట్టి మిగతావి వదిలేయండి. ఖాళీ గది కూడా ఇంటికి అందమే.

గుమ్మానికి ఆకుల చక్రం కడతాం కదా. దాన్ని తలుపు పైఅంచు మీదుగా వెనక్కి వేసిన వెడల్పు రిబ్బనుతో వేలాడదీసి, వెనకవైపు గొళ్లేనికి ముడి వేస్తే తలుపుకి ఒక్క చిల్లు పడదు. చక్రం వెనక గుడ్డ ముక్క కుట్టండి. తలుపు వేసి తీసినప్పుడల్లా అది చెక్కకి కొట్టుకోకుండా ఉంటుంది. క్రిస్మస్‌కి ముందు నాలుగు ఆదివారాల ఆగమన కాలానికి పెట్టే నాలుగు కొవ్వొత్తుల చక్రం వేరు. దానికి మూలం 1839లో హాంబర్గ్‌లో యోహాన్ హిన్‌రిచ్ విషెర్న్ అనే క్రైస్తవ వేదాంతి, తన ఆశ్రమంలోని పిల్లలు క్రిస్మస్ ఎప్పుడని రోజూ అడుగుతుంటే, చెక్క చక్రం మీద ఆదివారాలకి నాలుగు పెద్ద తెల్ల కొవ్వొత్తులూ మిగతా రోజులకి చిన్న ఎర్రవీ పెట్టించడం. అది బల్ల మీద ఉండాలి, గోడకి కాదు.

చెట్టు ఎంత ఎత్తుండాలి? పాత ఇళ్ల కప్పు ఎత్తుగా ఉంటుంది కాబట్టి పెద్ద చెట్టు తేవాలనిపిస్తుంది. కొనలో నక్షత్రం పెట్టాక కూడా కప్పుకి జానెడు ఖాళీ మిగలాలి. అంతకన్నా ముందు నేల గురించి ఆలోచించండి. చెక్క నేల అయితే దూలం మీదుగా, గోడకి దగ్గరగా పెట్టాలి, గది మధ్యలో కాదు. నిజమైన చెట్టయితే మొదలు దగ్గర రెండు సెంటీమీటర్లు కొత్తగా కోసి వెంటనే నీళ్లలో పెట్టండి. ఆలస్యమైతే కోసిన చోట జిగురు పేరుకుని నీళ్లు పీల్చదు. పది సెంటీమీటర్ల మొదలుకి సుమారు నాలుగు లీటర్లు పట్టే తొట్టి ఉండాలి. రోజూ చూసి నింపాలి. తొట్టి కింద లోతైన పళ్లెం, దాని కింద మందపాటి ప్లాస్టిక్ పట్టా, ఆ కింద దుప్పటి. నీరు కారి చెక్కలో ఇంకితే వచ్చే నల్ల మరక ఇక పోదు. హీటరుకీ నిప్పుగూటికీ కనీసం మీటరు దూరం ఉండాలి. సూదులు వేలితో వంచితే విరిగిపోయేంత ఎండాయంటే, పండగ కాకపోయినా చెట్టు బయటికి పంపేయాలి. ఎండిన చెట్టు అంటుకుంటే ఆర్పే వ్యవధి ఉండదు.

లైట్లు ముందు చుట్టి, ఆ తర్వాత బంతులు తగిలించండి. అడుగు ఎత్తుకి వంద బల్బులు అన్న లెక్క చెప్తారు. పాత గదికి అందులో సగం చాలు. పాత గాజు బంతులు పిల్లలకీ పిల్లికీ అందని పై మూడోవంతులో, లోపలి గట్టి కొమ్మలకి తగిలించండి.

యేసు పుట్టుకని బొమ్మలతో చూపించే పశువుల పాకకి చెట్టుకన్నా వయసు ఎక్కువ. అస్సీసీ ఫ్రాన్సిస్ అనే క్రైస్తవ సాధువు 1223లో ఇటలీలోని గ్రెచ్చో అనే ఊళ్లో గడ్డి, ఎద్దు, గాడిదలతో దాన్ని కళ్లకి కట్టించాడు. మన ఇంట్లో పాకకి చోటు వెతికేటప్పుడు గోడలోని గూడు చూడండి. పాత ఇళ్లలో దీపం కోసం వదిలిన గూళ్లు దీనికోసమే కట్టారా అన్నట్టుంటాయి. గూట్లో ముందు గుడ్డ పరచండి, గడ్డి తడిది కాకూడదు. పాకలోని పశువుల తొట్టి ఖాళీగా ఉంచి, డిసెంబరు 24 రాత్రి ఇంట్లో అందరికన్నా చిన్నపిల్లతో బాలయేసు బొమ్మ పెట్టించండి. బాలయేసుని చూడ్డానికి వచ్చిన ముగ్గురు జ్ఞానుల బొమ్మల్ని మొదట గదికి అవతలి కిటికీలో ఉంచి, రోజుకింత జరుపుతూ జనవరి 6కి గూటి దగ్గరికి చేర్చండి. పిల్లలు ఆ ప్రయాణం ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకుంటారు.

కొవ్వొత్తుల గురించి ఒక్క మాట

చెట్టు మీద, పరదాల దగ్గర, కాగితం దగ్గర వద్దు. తప్పనిసరిగా కావాలంటే గాజు చిమ్నీలో, బల్ల మీద, మనుషులున్నంతసేపే. వత్తిని ఐదారు మిల్లీమీటర్లకి కత్తిరిస్తే మసి తగ్గుతుంది. మైనం చెక్క మీద పడితే వేడి చేయొద్దు. ఐసు ముక్కలు ప్లాస్టిక్ సంచీలో వేసి దానిమీద పెట్టి, గట్టిపడ్డాక పాత ఏటీఎం కార్డు అంచుతో లేపండి.

చివరి పని: తీయడం

పెట్టేటప్పుడు పది చేతులుంటాయి, తీసేటప్పుడు ఒకరే మిగులుతారు. ఆ అలసటలోనే గోడలు పాడవుతాయి. అందుకే తీసే రోజు కూడా ముందే అనుకోండి, జనవరి 6 తర్వాత వచ్చే మొదటి సెలవు రోజు, పగటి పూట. కట్టిన వరసకి వెనక నుంచి రండి: ముందు గాజు బంతులు, తర్వాత లైట్లు, చివరికి దండలు. ముడి రాకపోతే లాగకుండా కత్తెరతో కత్తిరించండి. రిబ్బను మళ్లీ కొనుక్కోవచ్చు.

గాజు బంతుల్ని ఆమ్లం లేని పల్చటి కాగితంలో విడివిడిగా చుట్టి, గుడ్ల అట్టల్లాంటి గదులున్న పెట్టెలో పెట్టండి. న్యూస్‌పేపరు వద్దు, సిరా అంటుతుంది. అటక మీద ఎండాకాలం వేడికి రంగులు లేస్తాయి కాబట్టి కింది గదిలో బీరువా అడుగున దాచడం మేలు. సీరియల్ లైట్లని అట్టముక్కకి చుట్టి, పనిచేస్తున్నాయో లేదో ఇప్పుడే చూసి దాని మీద రాయండి.

నవంబరులో తీసిన ఫోటోలు తెరిచి ఒక్కో గోడనీ పోల్చి చూడండి. తర్వాత ఒక కాగితం మీద ఈ ఏడాది ఏ కొక్కేనికి ఏం వేలాడదీశారో, ఎన్ని మీటర్ల దండ పట్టిందో, ఏ ప్లగ్గు వెచ్చబడిందో రాసి, కింద తారీఖు వేసి, పెట్టె మూసేముందు అన్నిటికన్నా పైన పెట్టండి. మా పెట్టెలో ఆ కాగితాలు ఇప్పుడు ఒక కట్ట అయ్యాయి. అన్నిటికన్నా అడుగున ఉన్నదాంట్లో ఒకటే వాక్యం, నానమ్మ చేత్తో: "నక్షత్రం తూర్పు కిటికీకే కట్టండి, వీధి మలుపు నుంచి కనపడుతుంది."